మక్కపాముకు తంబాకు పడదు

మా ఇంట్లోకి పాము రాదని మా అవ్వకు గట్టి నమ్మకం. మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. బీడీలు చేసే ఇంటి దరిదాపులకు పాము రాదట, తంబాకు ఘాటు దానికి గిట్టదట. మెట్‌పల్లిలో మా వాడకట్టులో ఎవరింట్లో పాము కనబడిందని తెలిసినా, ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీకి దారం చుడుతూనే, ఆ ఇంటి ఆడవాళ్లు బీడీలు ఎప్పుడు మానేశారో గుర్తు చేసేది. వాళ్లు మానేశారు, పాము వచ్చింది. మనం మానలేదు, రాలేదు. ఆమె లెక్క అంతే. ఆ లెక్క మీద భరోసా పెట్టుకోవద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. అవ్వ దృష్టిలో మాత్రం సీసాల్లో చచ్చిన పాముల్ని పిల్లలకు చూపించి పొద్దు గడిపే మనిషిని.

నిజం చెప్పాలంటే నా గొడవ పాముల గురించి కాదు, ఆమె దగ్గు గురించి. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడే చాట పట్టింది. నాకు ఊహ తెలిసేసరికే మా ముందరి గదినిండా తడిపిన తునికాకు వాసన, తంబాకు దుమ్ము. బాపు పోయాక నన్ను చదివించింది ఆ చాటే, అది నేనెప్పుడూ కాదనను. కానీ నాకు ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టి, ఇద్దరమే ఆ ఇంట్లో హాయిగా ఉండాల్సిన రోజుల్లో కూడా ఆమె ఆ దుమ్ము వదల్లేదు. పొద్దున లేస్తూనే దగ్గు. మిద్దె మెట్లు ఎక్కితే ఎగపోత. మాట్లాడుతుంటే మధ్యలో ఛాతీలోంచి సన్నగా ఈల. దవాఖానకు పోదాం రమ్మంటే మాత్రం తనకేమైందని, గుండులాగా ఉన్నానని దబాయించేది.

నా నోరు మంచిది కాదు, వాడకట్టంతటికీ ఎరుకే. చాట విరగ్గొడతానన్నాను, కార్ఖానా ఇచ్చిన బీడీ కార్డు చించేస్తానన్నాను. ఒకసారి నిజంగానే చాట తీసుకుపోయి మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక దాచిపెట్టాను. కాలేజీ నుంచి వచ్చేసరికి పక్కింటి చాట అడిగి తెచ్చుకుని కూర్చుంది. మధ్యాహ్నం పూట ఆమెతో పాటు బీడీలు చేసుకునే ఆడవాళ్లు కూడా మా ముందరి గదికే వచ్చేవాళ్లు, వాళ్ల ముందు నా పరువు తీసింది.

"చేతులు ఊకుంటయానె? మంచంల పండుకోని పైన ఫ్యాను సూసుకుంట ఉండాల్నా?" అంది.

ఆ మాట న్యాయమేనని నాకూ తెలుసు. కోపం మాత్రం ఉంది. అది ఎప్పుడూ ఉండేదే.

పాము సంగతికి వస్తాను. మా ల్యాబులో గాజు సీసాల వరుస ఒకటి ఉంటుంది, కట్లపాము, నీరుకట్టె, జెర్రిపోతు. అన్నీ రంగు వెలిసిపోయి ముడుచుకుని ఉంటాయి. పాములకు చాలావాటికి ఒక ఊపిరితిత్తే పొడుగ్గా ఉండి పనిచేస్తుందని, రెండోది పేరుకే ఉంటుందని ఏటా చెబుతాను. ఓ రోజు ముందు బెంచీ పిల్ల, పాము ఊపిరి తీస్తుంటే దాని ఒళ్లు ఎక్కడ కదులుతుంది మేడమ్ అని అడిగింది. పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఇంటికి వస్తూ ఆలోచిస్తే, బతికున్న పాము ఊపిరి తీస్తుండగా దగ్గర కూర్చుని నేనెప్పుడూ చూడలేదని తెలిసింది. ఆ రోజు పట్టుకుంది నాకు ఆ పిచ్చి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడగొద్దు, బంగారం మీద మోజు లేదు. ఒక పామును పెంచుకుంటే ఎవరికి నష్టం?

మన పొలాల్లో, చెట్లల్లో తిరిగే పామును పట్టుకొచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. అది న్యాయమే, వాటి బతుకు వాటిది. బయటి దేశపు జాతి, ఇక్కడే పెంపకంలో పుట్టింది, కాగితాలన్నీ ఉన్నది అయితే పెంచుకోవచ్చు. అన్నీ కనుక్కున్నాక కార్న్ స్నేక్ అనే చిన్న జాతి నాకు నచ్చింది. విషం ఉండదు, సాధువు, పెద్దదైనా మన చేతి బొటనవేలు కన్నా కొంచెం లావు అవుతుంది, అంతే. అమెరికాలో మక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరుగుతుందట, పొట్ట మీద గళ్లు కూడా రంగురంగుల మక్కగింజల్లా ఉంటాయి. అవ్వకు అర్థం కావాలని మక్కపాము అని చెప్పాను. ఆకు కత్తిరిస్తున్న ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది.

"మన మక్కచేన్లల్ల పాములు తక్కువైనయా? పైసలు పెట్టి కొంటరా ఎవలన్న?" అంది.

హైదరాబాద్‌లో వాటిని పెంచి అమ్మే ఒకాయన ఇంటికి వెళ్లాను. గదిలో ప్లాస్టిక్ అరలు, అర అరకూ ఒక పాము. నాకు ముందు ఎర్రగా నిగనిగలాడే దాని మీద మనసు పోయింది. ఆయన ఆగమన్నాడు. రంగు చూసి తీసుకుపోయినవాళ్లే తర్వాత ఏడుస్తూ ఫోన్ చేస్తారని చెప్పాడు. కళ్లు తేటగా ఉండాలి, మూతి దగ్గర నురగ ఉండకూడదు, చేతిలోకి తీసుకుంటే జారిపడేలా కాక వేళ్లు పట్టుకుని పాకాలి. అన్నిటికంటే ముందు మన కళ్లెదుట ఒకసారి తిండి తినాలి. ఎర్రది ఎలుకపిల్లను చూసి మొహం తిప్పుకుంది. పక్క అరలో ఇటుకపొడి రంగు మచ్చలతో సన్నగా ఉన్న ఒక పిల్ల మాత్రం గుటుక్కున మింగి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు నాలుక ఆడించింది. నాకు నవ్వొచ్చింది. కడుపునిండా తినేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఇష్టం.

"చెవి దగ్గర పెట్టుకుని వినండి మేడమ్, ఏం వినపడొద్దు. మంచిగున్న పాము ఊపిరికి సప్పుడు ఉండదు," అన్నాడాయన.

చెవికి ఆనించి విన్నాను. ఏమీ వినపడలేదు. పక్కటెముకల దగ్గర చిన్నగా ఉబ్బుతూ తగ్గుతూ ఉన్న దాని ఒళ్లు మాత్రం చేతికి తెలిసింది. ఆ పిల్లనే తెచ్చుకున్నాను.

నా గదిలో కిటికీకి దూరంగా బల్ల వేసి, గాలి ఆడే మూతతో ప్లాస్టిక్ పెట్టె పెట్టాను. లోపల ఒక పక్క కింద వెచ్చదనం ఇచ్చే పలక, రెండో పక్క చల్లగా, ఎటు కావాలంటే అటు పోవడానికి. దాక్కోవడానికి పగిలిన కుండపెంకు, తాగడానికి నీళ్ల గిన్నె, కింద పరిచిన న్యూస్‌పేపర్. తంబాకు దుమ్ము దానికి మంచిది కాదని నాకు తెలుసు కాబట్టే, ముందరి గదికి దూరంగా నా గదిలో పెట్టి తలుపు వేసి ఉంచమని అవ్వకు గట్టిగా చెప్పాను. తిండి పెద్ద గొడవ. గడ్డకట్టిన ఎలుకపిల్లలు మంచుపెట్టెలో వస్తాయి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి, తినిపించే రోజు గోరువెచ్చటి నీళ్లలో కరిగించాలి. స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. అవ్వ అదే రోజు పాలు, పెరుగు, పచ్చిమిరపకాయలతో సహా సొంత సామానంతా తీసుకుపోయి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టొచ్చింది. మనింట్లో ఫ్రిజ్ ఉండగా పక్కింటి నుంచి పెరుగు తెచ్చుకోవడం ఎంత సిగ్గుచేటో ఆ నెల నాకు తెలిసొచ్చింది. చివరికి పాముకు చిన్న ఫ్రిజ్ వేరే కొంటే గానీ మా పెరుగు మా ఇంటికి రాలేదు.

అవ్వ మొదట్లో ఆ గది గడప తొక్కలేదు. గుమ్మం అవతల నిలబడి, ఉన్నదా, అని అడిగేది. ఉన్నదంటే, ఉండనియ్యి అని పోయేది. మధ్యాహ్నం బీడీల ఆడవాళ్లకు మాత్రం దాని గురించి కథలు కథలుగా చెప్పేదని తర్వాత తెలిసింది. ఒకనాడు దాని కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడిచే ముందు అలాగే అవుతుంది, నాకు తెలిసిన సంగతే. గుమ్మంలోంచి చూసిన అవ్వ మొదటిసారి లోపలికి వచ్చింది. పెట్టె మీదికి వంగి చాలాసేపు చూసింది. ఆమెకు అంతకు ముందే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది.

"అయ్యో, గింత పిల్లకు గూడ శుక్లాలొచ్చినయానె," అంది.

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. కళ్లు కనబడక గిన్నె ఎక్కడుందో ఎట్లా వెతుక్కుంటుందని బాధపడింది. కొన్నాళ్లకు అది కుబుసం విడిచి, కళ్లు తేటపడి నాలుక ఆడిస్తుంటే అవ్వ మొహం వెలిగిపోయింది. ఆ కుబుసం అడిగి తీసుకుని, పోచలా తేలిగ్గా ఉన్నదాన్ని చెక్కుచెదరకుండా చుట్టి, తన పెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకుంది. అప్పట్నుంచి నేను కాలేజీకి పోయినప్పుడు దాని నీళ్లు మార్చే పని ఆమెదే. భయం మాత్రం పోలేదు. ప్రేమ ఉంటే భయం ఉండకూడదని ఎక్కడుంది? నాకు మా అవ్వ మీద రెండూ ఉన్నాయి.

చలికాలం వచ్చింది. ఆదిలాబాద్ దిక్కు నుంచి గాలి మొదలైతే మా వైపు తెల్లవారి బకెట్లో నీళ్లు ముట్టుకోలేం. అవ్వ దగ్గు ఎక్కువైంది. అదే సమయంలో పాము తినడం మానేసింది. మొదట చలికి అనుకున్నాను, కింద పలక వేడి సరిచూశాను. తర్వాత ఒక పొద్దున అది తల పైకెత్తి, మెడ చాచి, మూతి కొంచెం తెరిచి పట్టుకుని కనిపించింది. ముక్కు దగ్గర చిన్న బుడగ. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. సన్నగా ఈల వినపడింది. ఆ ఈల నాకు కొత్త కాదు. రోజూ ముందరి గదిలోంచి వినేదే.

పాముకు వైద్యం చేసే డాక్టరు మెట్‌పల్లిలో ఎక్కడ దొరుకుతారు? బర్రెలకు, మేకలకు చూస్తారు. వాళ్లనూ వీళ్లనూ అడిగితే కరీంనగర్‌లో ఒకామె ఉందని, పక్షుల్ని, తాబేళ్లను కూడా చూస్తుందని చెప్పారు. సెలవు పెట్టి బయల్దేరాను. నేనూ వస్తానని అవ్వ కూర్చుంది. తన దగ్గుకు పక్క వీధి దవాఖానకు రాని మనిషి, పాము కోసం కరీంనగర్ వస్తానంటోంది. మండింది నాకు. కానీ మాట్లాడే ఓపిక లేదు. పామును మెత్తటి గుడ్డసంచిలో పెట్టి మూతి కట్టాను. అవ్వ తన గంప తెచ్చింది, బీడీలు కార్ఖానాకు తీసుకుపోయే వెదురు గంప. అడుగున పాత చీర పరిచి, గాలి తగులుతుంది, కుదుపు ఉండదు అంది. మంచి ఆలోచనే అనుకున్నాను.

బస్సులో గంప ఆమె ఒళ్లోనే ఉంది. కోరుట్ల దాటాక కండక్టరు అందులో ఏముందని అడిగాడు. అవ్వ కన్ను కూడా ఆర్పకుండా బీడీలని చెప్పింది. అతను ఒకసారి వాసన పీల్చి ముందుకు పోయాడు. గంపనిండా తంబాకేనని అప్పుడైనా నా బుర్రకు తట్టాలి కదా. తట్టలేదు. పుట్టినప్పట్నుంచీ ఆ వాసనలో ఉన్న ముక్కు నాది.

డాక్టరు వయసులో చిన్నది, నెమ్మదస్తురాలు. సంచి విప్పి పామును తీసుకుని, చిన్న స్టెతస్కోపు దాని ఒంటి మీద ఆనించింది. అప్పుడే అవ్వకు దగ్గు అందుకుంది.

"అమ్మా, ఒక్క నిమిషం దగ్గు ఆపుకోండి, దీని ఊపిరి వినపడుతలేదు," అంది డాక్టరు.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగి, మొహం ఎర్రబడి, చివరికి లేచి బయటికి పోయి దగ్గింది. గోడ అవతల నుంచి ఆ దగ్గు వినపడుతూనే ఉంది. డాక్టరు పాము ఊపిరి వింటోంది, నేను అవ్వది వింటున్నాను. అవ్వ తిరిగొచ్చేసరికి డాక్టరు గంపను వాసన చూస్తోంది. పాము పొట్ట కింద పొలుసుల సందుల్లో ఇరుక్కున్న గోధుమరంగు పొడిని దూదితో తీసి చూసి, ఇదేంటని అడిగింది.

అవ్వకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. తన తెలివి గురించి ఎవరో ఒకరు అడిగినందుకు సంతోషపడుతూ కుర్చీలో ముందుకు జరిగింది.

"తంబాకు, డాక్టరమ్మా. ఇంట్ల పామునైతే పెట్టుకుంటిమి గని, డబ్బల్నుంచి ఎల్లి మా మీదికి రావద్దని రోజు జరంత సుట్టు సల్లుతున్న. మూత మీద గూడ జరంత. దాటి రాదు," అంది.

నేను కాలేజీకి పోగానే చల్లేదట. నీళ్లు మార్చినప్పుడు మూత మీది పొడి లోపలికి రాలేది. సాయంత్రం నేను వచ్చే లోపల బల్ల తుడిచేసేది, చూస్తే అరుస్తానని. డాక్టరు నా వైపు చూసింది. నేను గోడకు తగిలించిన క్యాలెండర్ చూశాను.

"దాటి రాదమ్మా, నిజమే. అందులోనే చచ్చిపోతది," అంది డాక్టరు. గట్టిగా అనలేదు. తంబాకు వీటికి విషమని, దుమ్ము ఊపిరిలోకి పోయి జబ్బు చేసిందని, దీనికి దగ్గే శక్తి కూడా లేదని, లోపల చేరింది లోపలే ఉంటుందని వివరంగా చెప్పింది. సూది మందు ఇస్తానని, ఇంట్లో వెచ్చగా ఉంచమని, కానీ ఆ గాలి మారకపోతే ఏ మందూ పనిచేయదని చెప్పింది. బతుకుతుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేను అంది.

బయటికి వచ్చాక అవ్వ గంపను ఆ ఆసుపత్రి గేటు పక్కన చెత్తకుండీ దగ్గర బోర్లించి పెట్టి నడిచింది. ఎన్నేళ్ల నాటి గంపో అది. డాక్టరు ఇచ్చిన అట్టపెట్టెలో పామును పెట్టుకుని, మెట్‌పల్లి వచ్చేదాకా ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దగ్గు వస్తే మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఊరు దగ్గర పడుతుంటే మాత్రం నాకే కాదు, తనకు తాను చెప్పుకున్నట్టుగా అంది.

"నా చేతులతోని నేనే దాని దమ్ము తీస్తిని."

ఇంటికి వచ్చి నేను టీ పెట్టుకునేలోపు ఆమె చీపురు పట్టింది. ఆకు, తంబాకు డబ్బా, చాట, అన్నీ ఎదురింటి అరుగు మీదికి చేరవేసింది. ముందరి గది గోడలు దులిపి, బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగింది. నన్ను చేయి వేయనివ్వలేదు. మధ్యాహ్నం ఆడవాళ్లు చాటలతో వస్తే గుమ్మంలోనే ఆపి, ఇగ మీదట అరుగు మీదనే కూర్చుందామంది. ఎందుకని అడిగారు.

"మా ఇంట్ల ఒకలకు తంబాకు పడది," అంది. వాళ్లు నా వైపు చూశారు. నా నోరు సంగతి తెలిసినవాళ్లు కదా, మళ్లీ నేనే ఏదో రాద్ధాంతం చేశాననుకున్నారు.

సూదులు నేను వేయాలి, పామును ఒకరు పట్టుకోవాలి. ఎవర్ని పిలవాలా అని చూస్తుంటే అవ్వ చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి ముందు నిలబడింది. ఏళ్ల తరబడి దారం లాగి లాగి చూపుడువేళ్లు కాయలు కాసిన చేతులు. ఎలా పట్టుకోవాలో చెప్పాను. పట్టుకుంది. కళ్లు మూసుకుని ఏదో దేవుణ్ని తలుచుకుంది, తర్వాత మెల్లగా తెరిచింది. సల్లగుంటదనుకున్నానని, లేదని, మెత్తగా ఉందని ఆశ్చర్యంగా చెప్పింది. సూది పడగానే అది మెలిక తిరిగి ఆమె మణికట్టును చుట్టుకుంది. అవ్వ వదల్లేదు.

అయినా వెంటనే గుణం కనపడలేదు. అది తిండి ముట్టలేదు, తల ఎత్తుకునే ఉంది. అవ్వ అరుగు మీద పని చేసుకుని వచ్చి, స్నానం చేసి, చీర మార్చుకుని గానీ నా గదిలోకి వచ్చేది కాదు. పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చునేది. అది గాలి కోసం మూతి తెరిచినప్పుడల్లా ఆమె నోరు కూడా కొంచెం తెరుచుకునేది, తనకు తెలియకుండానే. ఒకనాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అరుగు మీద ఆమె చాట లేదు. మిగిలిన ఆకూ తంబాకూ పక్కింటామెకు ఇచ్చేసిందట. చీర మార్చినా, తల్లో, చేతుల్లో ఆ దుమ్ము ఎక్కడో ఉంటూనే ఉందని, అది దానికి తగులుతోందని అంది.

నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది. ఇన్నేళ్ల కోపం ఒక్కసారే వచ్చింది. నేను మొత్తుకుంటే వినలేదు, ఏడిస్తే వినలేదు, కాళ్లు పట్టుకున్నా వినలేదు, కడుపున పుట్టినదాని కన్నా కొనుక్కొచ్చిన పాము ఎక్కువైందా అని గట్టిగా అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. ఆమె నన్ను అరవనిచ్చింది. పీట మీదే కూర్చుని, పెట్టె మూత సర్దింది.

"నువ్వు జెప్తవు బిడ్డా, జెప్పుడు నీ పని. కొట్లాడితె నేను గూడ కొట్లాడిన. గిది కొట్లాడలే. నోరు తెరిసి గాలి గుంజుకునుడు సూసిన గంతే. నేను గూడ గిట్లనే గుంజుకుంటున్ననా? నువ్వు రోజు గిదే సూస్తున్నవా?" అంది.

అవునన్నాను. ఆమె నా తల మీద చేయి వేసి కొంచెంసేపు ఉంచింది.

చేతులు ఊకుంటయా అని అడిగిన మనిషి కదా, ఊకోలేదు. ఆకు కత్తిరించే కత్తెర ఒక్కటి మాత్రం దాచుకుంది, వేడినీళ్లతో కడిగి. దాంతో న్యూస్‌పేపర్‌ను పెట్టె కొలతకు సరిగ్గా కత్తిరించి దొంతులు పెట్టసాగింది. ఒక్క కాగితం ఎక్కువ తక్కువ ఉండదు. అట్టముక్కలతో దాక్కునే గుహలు చేసింది. అరుగు మీది ఆడవాళ్లు, పాముకు ఇల్లు కడుతున్నావా అని ఏడిపిస్తే, మీ ఇండ్లకన్న మంచిగుంటది రండి అని పిలిచింది. వాళ్లలో ఒకామె నిజంగానే వచ్చి చూసి, ఇంత సన్నగా ఉందేమిటని జాలిపడి పోయింది.

ఎండలు ముదరక ముందే ఒక పొద్దున పాము తల దించి, చుట్ట చుట్టుకుని, మూతి మూసుకుని పడుకుని ఉంది. ఎలుకపిల్లను కరిగించి పెట్టాను. కాసేపు చూసి, మొదటిరోజు చేసినట్టే గుటుక్కున మింగింది. అవ్వ నా భుజం పట్టుకుని ఊపేసింది. తర్వాత పామును తన చేతుల్లోకి తీసుకోబోతే, తిన్నవెంటనే కదిలించకూడదని ఆపాను. కొన్నాళ్లు ఆగి ఆమే తీసుకుంది, నేను చేసినట్టుగా చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నది.

"దీని సప్పుడు పోయింది. నాది పోతలేదు. నన్ను గూడ సూపెట్టు బిడ్డా," అంది.

పామును పెట్టెలో పెట్టి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాను.

ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంత ఆలస్యంగా తెచ్చారేమని నన్ను తిట్టాడు. పడ్డాను. పాడైంది పూర్తిగా బాగుకాదని, దుమ్ముకు దూరంగా ఉంటే ఇంకా పాడవకుండా ఆపవచ్చని చెప్పి, పీల్చే మందు ఇచ్చాడు. అవ్వ ఆ మందు పీల్చే పద్ధతి నేర్చుకునేసరికి మా ఇద్దరి ప్రాణాలూ విసిగిపోయాయి. ఇప్పుడు పొద్దునా సాయంత్రం పాము పెట్టె పక్క పీట మీద కూర్చుని పీలుస్తుంది. అయ్యాక వీపు నా వైపు తిప్పుతుంది. నేను చెవి ఆనించి వినాలి, అది రోజూ జరగాల్సిందే.

నిన్న సాయంత్రం కూడా విన్నాను. ఈల ఉంది, సన్నగా.

"ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది అవ్వా. జర తక్కువైంది."

"దానికి?"

"దానికి లేదు."

"అయితె నాది గూడ పోతది తియ్యి," అంది అవ్వ. పీట మీదనుంచి లేవకుండానే కత్తెర అందుకుని, కాగితం మడత పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. ఛాతీ డాక్టరు చెప్పిన మాట ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఇంకోసారి వీపుకు చెవి ఆనించి అలాగే కూర్చున్నాను, పని అడ్డం వస్తోందని ఆమె విసుక్కునేదాకా.